మధ్యరకం స్కోపు

ఎర్రవంకలో తహసీల్దారు ఆఫీసు ఊరికి కిలోమీటరున్నర అవతలికి జరిగిపోయిన నాటినుంచి, ప్రజలు తమ అర్జీలను తుపాకీలో పెట్టి పేల్చి ఆఫీసు కిటికీలోంచి లోపలికి పంపుకుంటున్నారు. ఈ ఏర్పాటు పాతబడిపోయింది కాబట్టి ఇప్పుడు దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. పూర్వం ఆఫీసు బస్టాండు పక్కనే ఉండేది. జనం వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్ళు, బల్లల మీదికి వంగి తమ గోడు చెప్పుకునేవాళ్ళు. ఇలా ప్రజలకు మరీ దగ్గరగా ఉండటం వల్ల ప్రజాసేవ కుంటుపడుతోందని పైవాళ్ళు గుర్తించారు. మొదట ఆఫీసును వంక దాటించారు. జనం కూడా వంక దాటారు. తర్వాత దాన్ని మైదానం చివరికంటా జరిపి చుట్టూ కంచె వేశారు. మనిషి కంచె దాటడం నేరం. గుండు దాటడం నేరం కాదు.

గుండంటే ఇనుప గుండు కాదు. రబ్బరుది, లోపల బోలుగా ఉంటుంది. అర్జీని బీడీలా చుట్టి అందులో దూర్చి మైనంతో మూతి మూస్తారు. ఆఫీసు కిటికీ లోపల ఒక రేకు పెట్టె ఉంటుంది. గుండు వెళ్ళి అందులో పడితే అర్జీ స్వీకరించినట్టు. గోడకు తగిలి కింద పడితే తిరస్కరించినట్టు. గోడ కింద రాలిన గుండ్లను సాయంత్రం ఊడ్చి, చెప్పులు తయారుచేసేవాళ్ళకు వేలం వేస్తారు. ఎర్రవంకలో అమ్మే రబ్బరు చెప్పులను కోసి చూస్తే అక్కడక్కడా సంతకాలు కనిపిస్తాయని అంటారు.

తుపాకీ ఉచితం. దాన్ని ఇచ్చే కౌంటరు మాత్రం బస్టాండు పక్కన పాత భవనంలోనే ఉంది, ఎందుకంటే ఇవ్వడమనేది సంక్షేమం కిందికి వస్తుంది, వినడం రాదు. కష్టం ఉందని నోటితో చెబితే చాలు, తుపాకీ చేతిలో పెడతారు. కష్టం తీరాక తిరిగి ఇచ్చెయ్యాలి. గురి చూసుకునే స్కోపు సంగతి వేరు. అది ఎవరికి వాళ్ళు కొనుక్కోవాలి.

ఉరుకుందప్ప ఈ ఏర్పాటుతో సంబంధం లేకుండానే సగం జీవితం గడిపేశాడు. అతను బస్సు కండక్టరు. ఉదయం నుంచి సాయంత్రం దాకా జనం మధ్య ఒత్తుకుంటూ తిరగడం అతని ఉద్యోగం. ఎవరి మోచేయి పొట్టలో గుచ్చుకున్నా, ఎవరి సంచిలోని కోడి చొక్కా పట్టి లాగినా విసుక్కునేవాడు కాదు. ముఖంలో ముఖం పెట్టి మాట్లాడేవాడు. అతని భార్య సుంకులమ్మ వాళ్ళకున్న నాలుగెకరాల చేనులో వేరుశనగ పండించేది. ఇద్దరూ ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం లేకుండా బతుకుతుండగా కొత్త సర్వే జరిగింది. అందులో వాళ్ళ చేను కొండగా నమోదైంది.

మొదట్లో దానికి వాళ్ళు నవ్వుకున్నారు. పొద్దున్నే చేనికి పోతూ సుంకులమ్మ "కొండెక్కొస్తానయ్యా" అనేది. సాయంత్రం అతను "దిగినావా?" అని అడిగేవాడు. తర్వాత ఒకరోజు చంద్రమౌళి అనే కంకర క్రషర్ యజమాని మోటారు సైకిలు మీద వచ్చి, చేను గట్టున ఆగి, చాలా మర్యాదగా పలకరించాడు.

"ఏమన్నా, మీ కొండ యాడుంది?"

"కొండ లేదు సార్. ఇది చేను."

"రికార్డులో నూరడుగుల ఎత్తుంది. నేను వేలంలో పాడి తీసుకున్న్యా."

"మీరే చూస్తాండారు గదా సార్. యాడన్నా కనపడ్తాందా?"

చంద్రమౌళి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూశాడు. ఆ తర్వాత నేలకేసి చూశాడు. న్యాయమైన మనిషి కావడం వల్ల వెంటనే ఒప్పుకున్నాడు.

"నిజమే, లేదు. అయినా ఏం పర్వాలేదులే. పైకి లేకుంటే కిందికి తీసుకుంటాం. నూరడుగులు నూరడుగులే గదా."

సుంకులమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వానలు పోయాక మిషన్లు తెస్తానని చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు నవ్వుకోలేదు. మర్నాడే ఉరుకుందప్ప సెలవు పెట్టి కౌంటరుకు వెళ్ళి తుపాకీ తెచ్చుకున్నాడు.

మొదటి అర్జీని అతను స్కోపు లేకుండానే పేల్చాడు. వట్టి కంటికి ఆఫీసు అగ్గిపెట్టెలా కనిపించింది. మైదానం మధ్యలో పశువుల ఆసుపత్రి ఉంది. అది ఇంకా దూరం జరగలేదు, ఎందుకంటే పశువులు ఫిర్యాదులు చేయవు. ఉరుకుందప్ప గుండు నేరుగా వెళ్ళి ఆ ఆసుపత్రి కిటికీలో పడింది. వాళ్ళు అర్జీని శ్రద్ధగా చదివి పోస్టులో జవాబు పంపారు. మీ కొండకు గాలికుంటు టీకా వేయడమైనదనీ, ఆరు నెలల తర్వాత మళ్ళీ తోలుకుని రావలసిందనీ అందులో ఉంది.

"టీకా యాడేసినారంట?" అని సుంకులమ్మ అడిగింది.

"రాయలేదు."

"స్కోపు కొనుక్కుందాంలేయ్యా. ఇట్ల అయ్యేది కాదు."

స్కోపులు మూడు రకాలు. తెల్ల కార్డున్నవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది ఒక నీలం ప్లాస్టిక్ గొట్టం. దానికి రెండు పక్కలా అద్దాలుంటాయి. అందులోంచి చూస్తే ఆఫీసు మీది జెండా మాత్రం కనిపిస్తుంది. చాలామంది దాన్నే చూసి దండం పెట్టుకుని ఇంటికి పోతారు. ఉన్నవాళ్ళు విదేశీ స్కోపులు తెప్పించుకుంటారు. ఉరుకుందప్పకు నెల జీతం ఉంది కాబట్టి నీలం గొట్టం ఇవ్వరు. నెల జీతమే ఉంది కాబట్టి విదేశీది రాదు. ఈ రెండింటి మధ్య ఉన్నదాన్ని వెతుక్కోవడం అతని పని.

ఆ ఊళ్ళో స్కోపులు అమ్మేది దస్తగిరి ఒక్కడే. ముందు అతనిది కళ్ళజోళ్ళ అంగడి. ఆఫీసు జరిగిపోయాక కళ్ళు బాగున్నవాళ్ళు కూడా అతని గిరాకీలయ్యారు. ఫ్రిజ్ కోసం దాచుకున్న డబ్బును కొంగున ముడివేసుకుని సుంకులమ్మ కూడా భర్తతో వచ్చింది.

"ఎంతలో చూపియ్యమంటావన్నా?" అన్నాడు దస్తగిరి.

"మధ్యరకం" అన్నాడు ఉరుకుందప్ప, కొంచెం గొంతు తగ్గించి.

దస్తగిరి నిట్టూర్చి స్టూలు జరిపాడు. "కూర్చో అన్నా. మధ్యరకం వాళ్ళతో శానా పొద్దు పడ్తాది. కింది రకం వాళ్ళు ఇచ్చింది తీసుకుంటారు. పైరకం వాళ్ళు అడిగింది తీసుకుంటారు. మధ్యరకం వాళ్ళు అన్నీ చూస్తారు."

వాళ్ళు అన్నీ చూశారు. మొదట దస్తగిరి ఒక లావుపాటి స్కోపు తీశాడు. పెట్టె మీద నలభై రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. సుంకులమ్మ గుమ్మంలో నిలబడి అందులోంచి నీళ్ళ ట్యాంకు మీది కాకిని చూసి, అది కన్ను ఆర్పుతోందని చెప్పింది. ఇదే తీసుకుందామని ఉరుకుందప్ప అనేలోపల దస్తగిరి అడ్డం పడ్డాడు.

"అమ్మా, పవర్ చూసి మోసపోవద్దు. ఇప్పుడు పొద్దన కాబట్టి బాగుంది. ఎండెక్కినాక నలభై రెట్లు పెట్టి చూడు, నేల మీంచి లేసే సెగ కూడా నలభై రెట్లయ్యి ఆఫీసు నీళ్ళల్లో మునిగినట్ల ఊగుతాది. ఇంగోటి, ఈ మర చూడన్నా. కుడికి పది క్లిక్కులు తిప్పి మళ్ళా ఎడమకు పది తిప్పితే గురి మొదటికి రావల్ల. దీంట్లో రాదు. మూడు అర్జీలు పేలిస్తే మూడు ఆఫీసులకు పోతాయి."

"ఇంగ టీకాలు వద్దు నాయనా" అంది సుంకులమ్మ. ఆ స్కోపు పెట్టెలోకి వెళ్ళిపోయింది.

తర్వాత అతను అంగడి తలుపు సగం మూసి, బీరువాలోంచి మఖమలు గుడ్డ చుట్టిన స్కోపు తీసి బల్ల మీద పెట్టాడు. ఉరుకుందప్ప దాన్ని ముట్టుకోబోతే చేతులు తుడుచుకోమన్నాడు.

"ఇది గ్రానైట్ వాళ్ళు వాడేదన్నా. దీంట్లో ఉండే గొప్పేమంటే, మీరు చూసినప్పుడు అవతల తహసీల్దారు మేడమ్‌కు కూడా ఎవరో చూస్తాండారని తెలుస్తాది. తలెత్తి నమస్కారం పెడతారు. కొంతమందికి ఆడ్నుంచి టీ కూడా చూపిస్తారంట."

ధర అతను బయటికి చెప్పలేదు, చెవిలో చెప్పాడు. ఉరుకుందప్ప తుడుచుకున్న చేతులను జేబుల్లో పెట్టుకున్నాడు.

మూడోది నల్లటి గొట్టం, మూతి చుట్టూ సన్నటి ఆకుపచ్చ గీత ఉంది. రెట్లు ఎక్కువ కాదు, కానీ అద్దం తేటగా ఉంది. మర తిప్పితే గురి పక్కకు పోయింది, వెనక్కి తిప్పితే మొదటికి వచ్చింది. మధ్యలోని ప్లస్ గుర్తు వెంట్రుకంత సన్నగా ఉండి, చూసేదాన్ని కప్పెయ్యకుండా నిలబడింది. ఉరుకుందప్ప కన్ను పెట్టి చాలాసేపు చూశాడు. ట్యాంకు నిచ్చెన మీది తుప్పు కూడా కనిపించింది.

"దీనికీ దానికీ ఏం తేడా?" అని అడిగాడు.

"దీంట్లో మేడమ్ మీకు బాగా కనిపిస్తారు. మీరు మేడమ్‌కు కనిపించరు. అంతే తేడా. మిగతాదంతా ఒకటే."

"పనయితాదా నాయనా?" అంది సుంకులమ్మ.

"కనిపిస్తాదని గ్యారంటీ ఇస్తానమ్మా, ఐదేండ్లు. అయితాదని గ్యారంటీ ఇచ్చే కంపెనీ ఇంకా రాలేదు."

సుంకులమ్మ కొంగు ముడి విప్పింది.

అర్జీలు పేల్చేది వంక గట్టు మీద, సోమవారాల్లో. జనం గోనెపట్టాలు పరుచుకుని వరసగా బోర్లా పడుకుంటారు. ఉడికించిన శనక్కాయలు అమ్మేవాళ్ళు వాళ్ళ కాళ్ళ వైపు తిరుగుతుంటారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు పేలుస్తారు, మిగతావాళ్ళు గాలి ఎటుందో చెబుతారు. ఉరుకుందప్ప అందరిలాగే పట్టా పరిచి, అందరిలాగే కన్ను పెట్టాడు. అంతవరకు అతనికి తహసీల్దారు అంటే కాగితం అడుగున ఉండే ఒక సంతకం. ఇప్పుడు ఆ సంతకానికి ముఖం కనిపించింది.

ఆమె పేరు వకుళాదేవి. యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతోంది. బల్ల మీద స్టీలు డబ్బా పెట్టుకుని పులిహోర తింటోంది. కరివేపాకును ఒక్కొక్క రెబ్బే ఏరి మూత మీద వరసగా పేరుస్తోంది. మధ్యమధ్య తనలో తాను ఏదో మాట్లాడుకుంటోంది.

"ఏమే, మేడమ్‌కు కరేపాకు పడదు" అన్నాడు ఉరుకుందప్ప, కన్ను తీయకుండా.

"సూటిగా పేల్చు" అంది సుంకులమ్మ.

గాలికి రెండు క్లిక్కులు, ఎత్తుకు కొన్ని తిప్పి, ఊపిరి బిగపట్టి పేల్చాడు. గుండు వెళ్ళి రేకు పెట్టెలో పడింది. వకుళాదేవి ఉలిక్కిపడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, మైనం ఊడదీసి, అర్జీ విప్పి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. విచారంగా తల అడ్డంగా ఊపింది.

గట్టు మీద పక్కవాళ్ళు లేచి వచ్చి ఉరుకుందప్ప వీపు తట్టారు. ఎవరో టీ తెప్పించారు. "బాధపడ్తాందే మన కోసం" అని అతను భార్యకు చెప్పాడు. ఆఫీసు లోపల ఒకరు తన గురించి బాధపడటాన్ని అతను చూడటం అదే మొదటిసారి.

తర్వాత వకుళాదేవి ఆ కాగితాన్ని మళ్ళీ చుట్టి ఇంకో గుండులో దూర్చింది. కుర్చీని వెనక కిటికీ వైపు తిప్పింది. బీరువా పక్కనుంచి తుపాకీ తీసి, చెంప ఆనించి, కొండల వైపు గురి పెట్టింది. ఆమె పై ఆఫీసు ఆ కొండల అవతలికి జరిగిపోయి చాలాకాలమైంది. ఆమె తుపాకీ మీది స్కోపును ఉరుకుందప్ప గుర్తుపట్టాడు. నల్ల గొట్టం, సన్నటి ఆకుపచ్చ గీత.

ఆమె పేల్చింది. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

"ఏమైంది?" అంది సుంకులమ్మ.

"పైకి పంపింది."

"చేరిందా?"

"చేరలేదు. ఆడ గాలుంది."

చేరని అర్జీలను మేడమ్ నకలు రాసి మళ్ళీ మళ్ళీ పేలుస్తుందని గట్టు మీదివాళ్ళు చెప్పారు. ఆనాటినుంచి అతను తన అర్జీ ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి, స్కోపును తుపాకీనుంచి విప్పి తాడుతో మెడలో వేసుకుని, రోజూ గట్టు మీదికి వెళ్ళసాగాడు. డ్యూటీకి ముందు కాసేపు, డ్యూటీ దిగాక కాసేపు. చూడటానికి చాలా ఉండేది. వకుళాదేవికి జలుబు చేస్తే అతనికి తెలిసేది. ఆమె కొత్త చెప్పులు కొన్నది, ఒక చెప్పు కరుస్తోంది. బల్ల కింద విప్పి కాలితో వెతుక్కునేది. అర్జీలు పైకి పేల్చడం అయ్యాక, ఒక్కోసారి పమిట లోంచి ఇంకో కాగితం తీసి అది కూడా పేల్చేది. బదిలీ కోసం కావచ్చని గట్టు మీది పాతవాళ్ళు చెప్పారు. అది కూడా చేరినట్టు కనిపించలేదు. ఇవన్నీ ఉరుకుందప్ప ఇంటికి వచ్చి భార్యకు చెప్పేవాడు. మొదట్లో ఆమె వినేది.

ఆ దినాల్లోనే అతని కంటికి ఒక మార్పు వచ్చింది. దూరానికి అలవాటు పడ్డ కుడికన్ను దగ్గరిది పట్టించుకోవడం మానేసింది, దాన్ని చూసి ఎడమకన్ను కూడా మానేసింది. బస్సులో టికెట్టు కొట్టబోతే ఎదుటి మనిషి ముఖం పిండిముద్దలా కనిపించేది. ఎప్పుడూ ఎక్కే ముసలివాళ్ళను కూడా గుర్తుపట్టలేక, "కొంచెం వెనక్కి జరగండి" అనేవాడు. వెనక్కి జరిగినా బస్సు పొడవు చాలేది కాదు. చివరికి టికెట్టు కావలసినవాళ్ళు బస్సు దిగి, రోడ్డు మీద తగినంత వెనక్కి నడిచి, అక్కడ నిలబడి తాము ఎక్కడికి పోవాలో చేతులతో సైగ చేయసాగారు. ప్రయాణికులు దీన్ని కొత్త నిబంధన అనుకున్నారు. బస్సు ఎప్పుడూ ఖాళీగా, గాలి ఆడుతూ ఉండేది. రద్దీ తగ్గించినందుకు డిపో వాళ్ళు అతన్ని మెచ్చుకున్నారు.

వానలు వెనకబట్టాయి. చంద్రమౌళి మాట తప్పని మనిషి కాబట్టి మిషను వచ్చింది. సుంకులమ్మ చేను మధ్యలో, కాయ దిగుతున్న వేరుశనగ సాళ్ళలో వెళ్ళి కూర్చుంది. మిషను నడిపే బసవరాజు ఇంజను ఆపి తల బయటికి పెట్టాడు.

"అమ్మా, కొండ దిగండి."

"నేను కిందనే ఉండా నాయనా. చేన్లో కూర్చోనుండా."

బసవరాజు ఇబ్బందిగా చెవి గోక్కున్నాడు. "రికార్డు ప్రకారం మీరు నూరడుగుల మీద కూర్చోనుండారమ్మా. నా మిషను చెయ్యి అంత పైకి అందదు. పైన మనిషుంటే తవ్వకూడదు గూడా. రాయి జారి పడితే ఎవరిది బాధ్యత?"

సుంకులమ్మ కాసేపు ఆలోచించింది. ఆమెకు సంగతి అర్థమైంది. "అట్లయితే నేను దిగను" అంది.

అంతటితో పని ఆగిపోయింది. ఆమె పొద్దున్నే వచ్చి కూర్చునేది, చీకటి పడేదాకా ఉండేది. చీకట్లో మిషను నడపకూడదు కాబట్టి రాత్రుళ్ళు భయం లేదు. బసవరాజు మిషను నీడలో పడుకునేవాడు. మధ్యాహ్నం అతనికీ ఆమే అన్నం పెట్టేది, కానీ డబ్బాను అతను నేరుగా అందుకునేవాడు కాదు. నూరడుగుల పైనుంచి ఎలా అందుతుందని, తాడు కట్టి దించమనేవాడు. ఆమె తాడు కట్టి నేల మీద అతని వైపు జరిపేది. ఇలా రోజులు గడిచాయి. ఎర్రవంకలో ఒక అర్జీ ఇంత బలంగా పని చేయడం ఎవరూ చూడలేదు, అయితే అది అర్జీ కాకపోవడం వల్ల ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎండలో కూర్చుని కూర్చుని సుంకులమ్మకు జ్వరం పట్టుకుంది. ఒకరోజు వణుకు ఆగక, భర్తను సెలవు పెట్టమని అడిగింది.

"ఈ ఒక్కపూట నువ్వు కూర్చో. సూది ఏయించుకుని వచ్చేస్తా. లేసి యాడికీ పోవాకు."

"పోనులే. నాకు తెల్దా?"

ఆమె ఆటోలో వెళ్ళింది. ఉరుకుందప్ప ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాడు. నేల మీద ఆమె కూర్చున్న గుర్తు గుంటలా పడి ఉంది. బసవరాజు నమస్కారం పెట్టి, జాగ్రత్తగా కూర్చోమని, కాలు జారుతుందని హెచ్చరించి నీడలోకి పోయాడు. ఉరుకుందప్పకు చుట్టూ ఏమీ కనిపించలేదు. పచ్చగా ఏదో ఉంది, పసుపుపచ్చగా ఇంకేదో ఉంది. అవి వేరుశనగ, మిషను అయి ఉంటాయని అతను అనుకున్నాడు. స్కోపు మెడలోనే ఉంది, కానీ చేను పల్లంలో ఉండటం వల్ల అక్కడినుంచి ఆఫీసు కనిపించదు. ఆ రోజు గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఇలాంటి రోజున కొండల మీద కూడా గాలి ఉండదనీ, మేడమ్ తప్పకుండా పేలుస్తుందనీ అతనికి తోచింది. ఆ తోచడం మొదలయ్యాక కూర్చోవడం కష్టమైంది.

వంక గట్టు ఎంతో దూరం లేదు. ఒక్కసారి చూసి వచ్చేద్దామని లేచాడు.

అతను అనుకున్నట్టే వకుళాదేవి కుర్చీని వెనక కిటికీ వైపు తిప్పి ఉంది. చెంప ఆనించి ఉంది. ఆమె వేలు మెల్లగా బిగుసుకోవడం కూడా అతనికి కనిపించింది. పేల్చింది. తర్వాత ఆమె ఒక్కసారిగా లేచి నిలబడి, చుట్టూ ఎవరూ లేకపోయినా, రెండు చేతులూ పైకెత్తింది. కళ్ళజోడు తాడు చెవికి చుట్టుకుంది. ఆమె నవ్వుతోంది. ఉరుకుందప్ప కూడా గట్టు మీద ఒంటరిగా నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అర్జీ చేరింది. ఆ ఆనందంలో వెనకనుంచి వస్తున్న ఇంజను చప్పుడు అతనికి వేరే ఎక్కడిదో అనిపించింది.

అతను తిరిగి వచ్చేసరికి సుంకులమ్మ కూడా వచ్చి ఉంది. చేను నడుమ మిషను చెయ్యి లోతుగా దిగి ఉంది. వేరుశనగ మొక్కలు కాయలతో సహా మట్టికుప్ప మీద తలకిందులుగా పడి ఉన్నాయి. బసవరాజు నిజంగానే నొచ్చుకున్నాడు.

"కొండ మీద ఎవరూ లేరు గదన్నా. నేను రెండుసార్లు పిలిచినా. దిగిపోయినారనుకున్న్యా."

"యాడికి పోయినావయ్యా?" అంది సుంకులమ్మ.

"చేరిందే" అన్నాడు ఉరుకుందప్ప. "మేడమ్ చేతులెత్తింది."

సుంకులమ్మ మట్టికుప్ప దగ్గర కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టింది. గుంటలో కూర్చుని మిషనును ఆపవచ్చేమోనని మర్నాడు ప్రయత్నించింది కూడా. కానీ నూరడుగుల్లో కొంత తగ్గింది కాబట్టి ఇప్పుడు మిషను చెయ్యి అందుతుందని బసవరాజు వివరించాడు. నలుగురు వచ్చి ఆమెను మర్యాదగా ఎత్తి చేను గట్టు మీద కూర్చోబెట్టారు. చంద్రమౌళి తనకు రావలసిన లోతు మాత్రమే తీసుకుని, ఒక్క అడుగు కూడా ఎక్కువ తవ్వకుండా మిషనును వెనక్కి పంపేశాడు.

తర్వాత కొంతకాలానికి పోస్టులో జవాబు వచ్చింది. అర్జీని అన్ని స్థాయిల్లోనూ పరిశీలించడమైనదనీ, సదరు భూమిలో కొండ లేదన్న అర్జీదారు మాట పూర్తిగా వాస్తవమని విచారణలో తేలిందనీ అందులో ఉంది. అక్కడ ఉన్నది గుంత. ఆ మేరకు రికార్డు సవరించారు. ఇప్పుడు రికార్డుకూ నేలకూ మధ్య ఎలాంటి తేడా లేదు. కష్టం తీరింది కాబట్టి తుపాకీ తిరిగి ఇచ్చెయ్యవలసింది.

వంక గట్టు మీద ఈ వార్త పెద్ద సంచలనమే అయింది. అర్జీ పైదాకా చేరి, జవాబు వచ్చి, రికార్డు మారడం అక్కడ ఎవరికీ అనుభవం లేదు. కొత్తవాళ్ళు ఉరుకుందప్పను వెతుక్కుంటూ వచ్చి, ఏ స్కోపు కొనాలని అడిగేవాళ్ళు. అతను వాళ్ళను కొంచెం దూరంలో నిలబెట్టి ఓపికగా చెప్పేవాడు. రెట్లు చూడవద్దు, అద్దం చూడండి. మర వెనక్కి తిప్పి చూసుకోండి. మధ్యరకం చాలు. తుపాకీని అతను తుడిచి కౌంటరులో అప్పజెప్పాడు. స్కోపు సొంతం కాబట్టి మెడలో ఉండిపోయింది.

ఒక సాయంత్రం అతను గుంత ఒడ్డున, మట్టికుప్ప మీద కూర్చుని ఉన్నాడు. మట్టి ఎత్తున పోయడం వల్ల ఇప్పుడు అక్కడినుంచి కూడా ఆఫీసు కనిపిస్తోంది. వకుళాదేవి బల్ల సర్దుకుంటోంది. ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. చీర రంగు తెలిసింది, మట్టి వాసనా జ్వరం మందు వాసనా తెలిశాయి.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే. నీతో ఒక మాట చెప్పల్ల."

అతను ఆమె వైపు తిరిగి కళ్ళు చిట్లించాడు. ఎరుపు రంగు ముద్ద ఒకటి గాలికి కదులుతోంది.

"కొంచెం ఎనక్కి పో. కనపడ్తాలేవు."

సుంకులమ్మ అతన్ని చూస్తూ నిలబడింది. నాలుగడుగులు వెనక్కి వేసింది. "ఇంగొంచెం" అన్నాడు. ఆమె కుప్ప దిగింది. "ఇంగొంచెం పో." ఆమె గుంత ఒడ్డు వెంట నడిచింది, అవతలి వైపుకు చేరింది, పక్కచేను గట్టు దాటింది. అతను స్కోపు కంటికి ఆనించి ఆమెతోపాటు తిప్పుతూ వచ్చాడు. దారిపక్క తుమ్మచెట్టు దగ్గర ఆమె అద్దంలోకి తేటగా వచ్చింది. "ఆడ ఆగు" అని కేక వేసి చెయ్యి ఎత్తాడు.

ఆమె చిక్కిపోయింది. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. కుడి మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది, పాతదే, ఎప్పుడు కాలిందో అతనికి తెలియదు. ఆమె మాట్లాడసాగింది. గాలి అటువైపు ఉండటం వల్ల మాట ఒక్కటీ వినిపించలేదు, కానీ పెదవులు ఎంత తేటగా కనిపించాయంటే ఒక్కో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పవచ్చు. ఒకచోట ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. ఉరుకుందప్ప కన్ను ఆర్పకుండా చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మాట్లాడుతుంటే ఇంత శ్రద్ధగా అతను ఎప్పుడూ చూడలేదు.

చెప్పవలసింది చెప్పడం అయిపోయాక ఆమె కొద్దిసేపు ఊరికే నిలబడింది. జవాబు కోసం అయి ఉంటుందని అతను అనుకున్నాడు, చెయ్యి ఊపాడు. ఆమె చెప్పులు చేతిలోకి తీసుకుని, ఊరి వైపు కాకుండా, తన పుట్టింటికి పోయే దారి పట్టింది. ఉరుకుందప్ప మర ఒక్క క్లిక్కు తిప్పి సరిచేశాడు. ఆమె దూరమయ్యే కొద్దీ ఇంకా బాగా కనిపించసాగింది.